వరుసల ఆఖరి సంచి

"రేపు కరెంటు ఎన్నింటికి పోతుందమ్మా?" అని అడిగిండు.

"నాకేమెరుక సారూ. పోయి కరెంటాఫీసుల అడుగు" అన్న.

గంతే. ఆయనతోని నేను మాట్లాడిన ఆఖరి మాట గది. నీ మొఖమేంది గట్ల పెట్టినవ్ శిరీషా? ఇంకింత మంచి మాట ఉంటే బాగుండు అనుకుంటున్నవా? లేదు. సచ్చిపోతడని తెలిస్తే జర మెత్తగ మాట్లాడేదాన్నేమో. తెల్వలే. పొద్దంత మిరపకాయలు పట్టి గొంతు మండుతుండె, కసురుకున్న. ఆయన నవ్విండు. కనుబొమ్మల నిండ పిండి ఉండె, తుడుసుకోకుంటనే పోయిండు. మూడో దినం పొద్దున గుండ్లపోచంపల్లి నుంచి గోధుమలు తెచ్చినామె చెప్పింది, సారు నిద్రలనే పోయిండని.

ఇగ రాయి. నువ్వు నా చెల్లె బిడ్డవు, డిగ్రీ సదివినవ్, రమ్మంటే షామీర్‌పేట నుంచి బస్సెక్కి వచ్చినవ్. నాకు బస్సుల మీది ఊర్ల పేర్లు కూడబలుక్కునుడు తప్ప సదువు రాదు. అందుకే నేను చెప్పేది చెప్పినట్టు పెట్టు. ఎందుకంటే సంగతి గిది.

నాలుగొద్దుల కింద ఒక మేడం వచ్చింది నా పిండి గిర్నికి. సారు దగ్గర సదువుకున్నదట, ఇప్పుడు తనే కాలేజీల పాఠం చెప్తదట. సారు మీద అందరు కలిసి ఒక చిన్న పుస్తకం ఏస్తున్నరు. "ఆయన రోజూ మీ దగ్గరికే వచ్చేవారట కదమ్మా, మీరూ నాలుగు మాటలు చెప్పండి" అన్నది. మంచి పిల్ల. కుర్చీ ఏస్తే కూసోలే, జొన్నల సంచి మీదనే కూసున్నది. ఆమె చేతుల కాయితాలుండె. "ఇప్పటిదాక ఏం రాసిన్రో సదువు బిడ్డా, ఇంట" అన్న. సదివింది. అంత మంచిగనే ఉన్నది. నడుమ ఒక కాడ ఆమె గొంతు తగ్గింది. సారుకు ఆఖరి ఏండ్లల్ల మతి నిలకడగ లేకుండెనట. ఆయన పేరు తెచ్చిన పెద్ద లెక్క తప్పని ఆయనే ఉత్తరం రాసుకున్నది గా జబ్బులనేనట. ఆ ఉత్తరాన్ని ఎవరూ లెక్కల పెట్టుకోవద్దట.

"ఎవరన్నరు మతి లేదని?"

"వాళ్ళ అమ్మాయే చెప్పారమ్మా. ఆయన పేరు కాపాడడానికే ఇలా రాశాం."

నాకు అరికాలి నుంచి నెత్తి దాక మండింది. ఒక మనిషిని పిచ్చోన్ని జేసి ఆయన పేరు కాపాడుతరా? పిచ్చోడని రాస్తే ఉత్తరం కొట్టుకపోతది, పాత లెక్క నిలబడ్తది, గదీ వాళ్ల ఉపాయం. "ఆదివారం అచ్చుకు పోతుందమ్మా, ఆలోపల మీరేమైనా ఇస్తే మార్చి రాస్తాను" అన్నది. ఇయ్యాల శుక్రవారం. గిర్ని బంద్ పెట్టి కూసున్న. బయట ఆడోళ్లు గునుగుతున్నరు, గునగనీ.

సారు ఎక్కడ పుట్టిండు, ఎన్ని బడులల్ల సదివిండు, అది మేడం రాసుకుంటది. సముద్రం దిక్కోడని ఒక్కటి ఎరుక. నాకు తెలిసింది గిర్నికాడి మనిషి. గిర్నిని గిర్ని అనకపోతుండె, పిండిమర అంటుండె. "మర గిర ఏంది సారూ, నోరు తిరగదా, గిర్ని అను" అని నేనంటే, మరునాడు వాకిట్ల నిలబడి "గిర్నీ తెరిచారా?" అని సాగదీసి నన్ను ఉడికిచ్చేటోడు. సన్నటి మనిషి. అంగి జేబుల పెన్ను ఉండకపోతుండె, సుద్దముక్క ఉంటుండె. రాసుకునుడంత నా పాత కరెంటు బిల్లుల ఎనక దిక్కు. అడిగి తీసుకుంటుండె, "ఇది మీకు పనికొస్తుందా?" అని. ఒక్కనాడు గూడ అడగకుంట తీసుకోలే.

ఎవరన్న ఏదన్న ఎక్కువొచ్చింది అన్నరనుకో, ఇగ ఆయనతోని అయ్యేది కాదు. "గిర్నమ్మా, ఈ తాప పిండి ఎక్కువొచ్చినట్టుందే" అని ఒకామె సంబురంగ అంటే, ఎనక నుంచి సారు: "ఎక్కడి నుంచి వచ్చింది?" ఆమె బుగులు పడి, "నేను పక్క సంచి ముట్టలే సారూ, ఒట్టు" అనేది. ఆయనకు దొంగతనం రంది కాదు. ఎక్కువ అన్నది యాడ్నుంచో రావాలె, అది యాడనో తెలిసేదాక ఆయనకు అన్నం సయించదు.

గౌడవెల్లి మల్లేశు తెలుసు గద నీకు, ఫ్యాక్టరీల పనికి పోతడు, బండి మీద పిండి తీస్కపోతడు. ఒకరోజు ఫోనుల వీడియో సూపెట్టిండు. ఒక మోటరట, అది డైనమోను తిప్పుతదట, డైనమో కరెంటు మల్ల మోటరుకేనట. ఒక్కతాప తిప్పి ఇడిసిపెడితే ఇగ సచ్చేదాక తిరుగుతదట.

"గిర్నమ్మా, గిది పెట్టుకో. కరెంటోళ్ల మొఖం జూసే పనే లేదు" అన్నడు.

సారు ఫోను గుంజుకున్నంత పనిజేసి, కండ్లద్దాలు పైకనుకొని సూసిండు. "ఎక్కడి నుంచి వస్తోంది బాబూ?"

"డైనమోకెల్లి సారూ."

"డైనమోకి?"

"మోటరుకెల్లి."

"మోటారుకి?"

"డైనమో... ఏంది సారూ, కండ్ల ముంగట తిరుగుతాంటే గిట్ల అడుగుతవ్?"

"బల్ల కింద చూపించలేదేం?"

"బల్ల కింద ఏముంటది సారూ, కాళ్లుంటయ్!"

అందరు పక్కున నవ్విన్రు. సారు గూడ నవ్విండు. "కాళ్ళుంటాయి. వాటి పక్కన సన్నటి తీగ ఒకటి ఉంటుంది" అన్నడు. మల్లేశు ఆ వారం దినాలు సారు కనబడితే సాలు, వంగి బల్లల కింద సూసేటోడు.

ఇగ ఆయన పని ఏందో చెప్త. పుస్తకంల మేడం పెద్ద పెద్ద మాటలు పెట్టింది, నాకు ఒక్కటి ఎక్కలే. సారు నాకు చెప్పిన తీరు వేరు. ఆకాశంల కృష్ణబిలాలని ఉంటయట. ఆయన చెప్పింది ఇని నేను "నల్ల బొంద" అన్న. ఆ మాట ఆయనకు మస్తు నచ్చింది, అప్పటి నుంచి తను గూడ బొంద అనుడు మొదలుపెట్టిండు. ఆ బొందల పడ్డది మల్ల రాదు. రాయి పడ్డా రాదు, వెలుతురు పడ్డా రాదు. కని కొన్ని బొందలు గిర్రున తిరుగుతుంటయట. తిరిగే బొంద తన సుట్టున్న జాగను గూడ గుంజుకొని తిప్పుతదట. గా సుట్టు జాగ ఉన్నది సూడు, అండ్లకు పోయినోడు ఇంకా బొందల పడనట్టే, బయటికి రావచ్చు. గీడ ఉన్నది మర్మం. ఒక వస్తువును గా జాగలకు ఇసిరితే, అది ఆడ రెండు ముక్కలై, ఒక ముక్క బొందల పడి, ఇంకో ముక్క బయటికొస్తదట. వచ్చేటప్పుడు, పోయినప్పటికన్న ఎక్కువ జోరుతోని వస్తదట.

"ఎక్కడి నుంచి వచ్చింది?" అని నేను అడిగిన. ఆయన మాట ఆయనకే.

సారు సప్పట్లు కొట్టిండు, ఒట్టు. "తిరుగుడు నుంచమ్మా! బొంద మింగినదాన్ని ఎవరూ కక్కించలేరు. దాని తిరుగుడుని మాత్రం బయట నిలబడి లాక్కోవచ్చు."

ఆయన నా గిర్నిని అంటిపెట్టుకున్నది గందుకే. మా ఇంటాయన ఉన్నప్పటి సంది మాకొక అలవాటు. పొద్దుగూకినంక బటను బంద్ జేస్తే రాయి టక్కున ఆగదు, ఇంకా జరసేపు తిరుగుతది. ఆ తిరుగుడును ఊకె పోనియ్యం. ఇంటి జొన్నలు పిడికెడు పిడికెడు పోస్తం. రాయి నిలబడేటాల్లకు ఒక పూట రొట్టెలకు పిండి వెళ్తది. కరెంటు కాల్చకుంట వచ్చిన పిండి. మా ఆయన సచ్చినంక నేను గూడ ఇడిసిపెట్టలే. సారు మొదటిసారి అది సూసిననాడు గిర్ని నడుమ నిలబడి పోయిండు. మరునాడు పెద్ద చక్రం మీద సుద్దముక్కతోని ఒక గీత గీసి, బటను బంద్ జేసినంక ఆ గీత ఎన్నిసార్లు తిరిగిందో లెక్క పెట్టుడు మొదలుపెట్టిండు. జొన్నలు పోస్తే ఎన్ని, పొయ్యకుంటే ఎన్ని. బిల్లుల ఎనక రాసుకునుడు.

ఆయన పెద్ద లెక్క వయసుల ఉన్నప్పుడు జేసిందట. బొంద అంచుల రెండు వస్తువులు గుద్దుకున్నయనుకో, బయటికొచ్చే జోరుకు హద్దే లేదు, ఎంతంటే అంత వస్తది అని ఆ లెక్క. దాంతోనే ఆయనను దేశాలు పిలిచినయట, శాలువాలు కప్పిన్రట. గదంత నాకు మేడం చెప్పింది, ఆయన చెప్పలే.

ఇగ ఆ దినం సంగతి. మంచిగ రాయి శిరీషా, గీడ తప్పు పోవద్దు.

జొన్నలు నేను పోస్తనని ఆయన అడిగిండు. సరే అన్న. నేను బటను బంద్ జేసిన. ఆయన పిడికెళ్లు మరిచి, చాటెడు జొన్నలు ఒక్కసారే కుమ్మరిచ్చిండు. రాయి గుర్రుమని మూలిగింది, ఆగింది. ఇటు పిండి గాదు, అటు రవ్వ గాదు, నడుమల పడ్డయ్ జొన్నలు. నాకు కోపం లేసింది.

"ఏం మనిషివి సారూ! తిరుగుతాంది గదా అని అంత పోస్తరా? పడ్డ గింజ రాయిని గుంజదా? ఇగ గీ రొట్టెలు నువ్వు తింటవా?"

ఆయన సంచి మీద కూలబడ్డడు. నేను ఇంకా తిడుతనే ఉన్న. "తెలుసమ్మా" అన్నడు.

"ఏం తెలుసు?"

"పడ్డది లాగుతుందని. లెక్క చేసిననాడే తెలుసు. చాలా చిన్నది కదా అని వదిలేశాను. బొంద ఎప్పుడూ అదే జోరున తిరుగుతుంది అనుకుని మిగతాదంతా రాశాను." చక్రం మీది సుద్దగీత దిక్కు సూసిండు. "హద్దే లేదని చెప్పేవాడికి చిన్నదాన్ని వదిలేసే హక్కు లేదమ్మా."

గీ ముచ్చట చెప్తే మేడం కండ్లు మెరిసినయ్. "అమ్మా, ఎంత బాగుంది! అక్షరం రాని గిర్నమ్మ చెప్తే అంత పెద్ద ప్రొఫెసర్‌కి తన తప్పు తెలిసింది, ఇదే రాద్దాం!" అన్నది. రాయకు అన్న. నేను చెప్పలే, నేను తిట్టిన. జొన్నలు ఖరాబైనయని తిట్టిన. ఆయన తప్పు ఆయనకు ముందుగాల్నే ఎరుక, ఇన్నేండ్లు దాని దిక్కు సూడలే, ఆ దినం సూసిండు. సూసింది ఆయన. దాన్ని తీసి నా మెడల ఏస్తే అది గూడ అబద్ధమే. ఒక అబద్ధం కొట్టేయమంటే ఇంకోటి తెస్తవా బిడ్డా అన్న. మొఖం చిన్నగ జేసుకున్నది.

పది దినాలు రాలే ఆయన. వచ్చిననాడు గడ్డం పెరిగి ఉండె. "మూడు ఉత్తరాలు రాసి చించేశాను. నాలుగోది పంపాను. నా లెక్క తప్పు, వెనక్కి తీసుకుంటున్నాను అని" అన్నడు.

"పంపకుంటే ఎవరికి తెలుస్తుండె సారూ?"

"ఎవరికీ తెలియదు."

"మరి? ఉన్న పేరు ఉంటుండె గద!"

"బల్ల కింద తీగ ఉందని తెలిసి కూడా మోటారు చూపిస్తూ తిరగమంటావా?"

గట్ల మతి లేనోడు మాట్లాడ్తడా? ఆ తర్వాత ఆయనను పిలిచేటోళ్లు పిలుసుడు బంద్ జేసిన్రు. ఏదో పెద్ద సన్మానం ఉండెనట, అది గూడ ఆపిన్రు. ఇంట్ల ఫోను మోగుడు తక్కువైంది. ఏడుస్తడేమో అనుకున్న. ఏడ్వలే. సుద్దముక్క తీసుకొని మల్ల వచ్చిండు. పడ్డది ఎంత గుంజుతదో దాన్ని గూడ కలుపుకొని కొత్తగ లెక్క మొదలుపెట్టిండు. డెబ్బై ఏండ్ల మనిషి, ఒకటి నుంచి. "హద్దుందమ్మా. ఎంత లాగినా బొందలో ఉన్నదాంట్లో మూడో వంతు కూడా రాదు. ఆ తర్వాత బొంద తిరగడం ఆగిపోతుంది. అది ముందే తెలిసిన సంగతి. అక్కడి దాకా ఏ దారిలో వెళ్ళచ్చో నేను చూడాలి" అని చెప్తుంటే, పెండ్లి కుదిరినోని లెక్క ఉండె మొఖం.

ఏందమ్మా, ఇంకెంతసేపు అంటరా? ఉండుర్రి! మీ పిండి యాడికి పోదు. ఓపిక లేనోళ్లు సంచి పెట్టి పోయి రాండ్రి.

ఇగ సంచి. గిది రాయొద్దని నువ్వు పొద్దుగాల్నే అన్నవ్. గిదే రాయాలె.

గిర్నికాడ మనిషి వరుస ఉండదు, సంచుల వరుస ఉంటది. ఎవరి సంచి ముందు ఉంటే వాళ్లది ముందు. మనిషి బజారుకు పోయినా సంచి నిలబడ్తది. సారు మొదట్ల గోధుమలు తెచ్చేటోడు. భార్య లేని ఒక్క మనిషికి రోజూ ఎన్ని గోధుమలు కావాలె? తర్వాత ఉత్త చేతులతోని వచ్చుడు మొదలుపెట్టిండు, బటను బంద్ జేసే యాల్లకు. గంతే, వరుసల నిలబడ్డోళ్ల నోర్లు లేసినయ్. ఒకనాడు ఒకామె ఆయన ఇనంగనే అన్నది: "సారుకు పిండి లేకున్నా గిర్ని మీద పాణం గుంజుతాంది. గిర్ని మీదనో, గిర్నమ్మ మీదనో!" నేను ముండమోసిన దాన్ని. నా మీద మాట పడుడు కొత్తగాదు. మొగుడు సచ్చిన నెలకే గిర్ని తెరిస్తే అన్నరు, చక్రానికి తోలుపట్టా నేనే ఎక్కిస్తే అన్నరు, గట్టిగ నవ్వితే అన్నరు.

మరునాటి సంది సారు సంచి తెచ్చుడు మొదలుపెట్టిండు. నిండు సంచి. తెచ్చి వరుసల ఆఖరికి పెట్టేటోడు. ఎనక ఎవరన్న వస్తే "మీరు కానివ్వండి" అని తన సంచిని ఎనుకకు జరిపేటోడు. అందరియి అయిపోయి, బటను బంద్ జేసే యాల్లకు ఆయన ఒక్కడే ఉంటుండె, ఇగ ఎవరు ఏమంటరు, సంచి ఉన్నది గద. ఒకనాడు ఊడ్సేటప్పుడు ఆ సంచిని జరుపుదమని ఎత్తిన. బరువే లేదు. మూతి ఇప్పి సూస్తే పాత పేపర్లు. ఉండలు జేసి కుక్కిండు.

"గిదేంది సారూ?"

నేల దిక్కు సూసుకుంట అన్నడు, "మీకు మాట రాకూడదని."

గంతే అన్నడు. మూతి కట్టి, సంచిని మల్ల దాని జాగల పెట్టిన. రోజు ఆ పేపర్ల సంచిని గుండ్లపోచంపల్లి నుంచి మేడ్చల్‌ల నా గిర్ని దాక బస్సుల మోసుకొచ్చి, మల్ల మోసుకపోయిండు. ఎన్ని దినాలో నేను లెక్క పెట్టలే.

ఆయన బిడ్డ దూరం ఊర్ల ఉంటది, పండుగకో పబ్బానికో వస్తుండె. వచ్చినప్పుడు ఇంట్ల ఆ సంచి సూసింది. వాచ్‌మెన్ చెప్పిండట, గిది సారు రోజు గిర్నికి తీస్కపోతడని. ఆ పిల్ల నాకు ఫోన్ జేసింది. పగటీలి, గిర్ని నడుస్తాంది, వరుసల ఐదుగురు నిలబడ్డరు, నా మాట మీదనే చెవులు.

"ఆంటీ, నాన్నగారు పేపర్లు నింపిన సంచి పిండి పట్టించడానికి తెస్తున్నారా?"

"తెస్తడు" అన్న.

"రోజూనా?"

"రోజు."

"మళ్ళీ అలాగే తీసుకెళ్తారా?"

"ఆ."

అవతల ఆ పిల్ల ఏడుసుడు ఇనబడ్డది. ఎందుకు తెస్తడో నేను చెప్పలే. ఐదుగురు ఇంటుండ్రి. నా మీద మాట రావద్దని ఆయన సంచి మోస్తుంటే, ఆ ముచ్చట నా నోటితోని అందరి ముంగట ఎట్ల చెప్పాలె అనుకున్న. మూడు మాటలు చెప్పిన. మూడూ నిజమే. మూడు కలిసి ఆయన పిచ్చోడైండు. తర్వాత ఒక్కదాన్నే ఉన్నప్పుడు మల్ల ఫోన్ జెయ్యొచ్చు గద? జెయ్యలే. ఇయ్యాల, రేపు అనుకుంట ఉన్న. ఆయనకు గూడ చెప్పలే, నీ బిడ్డ గిట్ల అడిగిందని. ఇప్పుడు పుస్తకంల ఉన్న ఆ ముక్క బిడ్డ రాయించింది కాదు, మేడం రాసింది కాదు. నేను రాయించిన.

నువ్వేమన్నవ్? "పెద్దమ్మా, సారుకు మతి మంచిగనే ఉండెనని ఒక్క ముక్క రాస్తే సాలదా, సంచి ముచ్చట ఎందుకు, మనోళ్లు ఏమనుకుంటరు" అన్నవ్. సాలదు. మతి మంచిగుండె అని నేనంటే, మరి పేపర్లు ఎందుకు మోసిండని వాళ్లు అడుగుతరు. దానికి జవాబు నా దగ్గర తప్ప ఇంకెవరి దగ్గర లేదు. ఆయన సచ్చిండు. నేను నోరు మూసుకుంటే నా పేరు మంచిగుంటది, ఆయన పిచ్చోడైతడు. ఆ ఉత్తరం పిచ్చి ఉత్తరమైతది. ఆయన జిందగీల జేసిన గట్టి పని అదొక్కటే, శాలువాల లెక్క కాదు. దాన్ని జబ్బు అంటే నేను ఊకోను.

మా ఆయన అన్నలు, మా బావలు అడిగితే అడగనీ. గిర్నికాడ మొగోడు కూసుంటుండెనా అంటే, కూసుంటుండె. రోజు కూసుంటుండె. చక్రం తిరుగుడు లెక్క పెడుతుండె, నేను జొన్నలు పోస్తుంటి. తప్పు జేసిన్రా అంటే, చాటెడు జొన్నలు ఖరాబు జేసిండు, ఒక్కటే తప్పు. ఆ రొట్టెలు గూడ ఆయనకే తినిపిచ్చిన. పండ్ల కింద గరగర అన్నా రెండు తిన్నడు.

గిదంత మేడంకు పంపు. ఆయన బిడ్డకు గూడ పంపు, ముందు ఆమెకే పంపు. పేరు మార్చొద్దు, గిర్ని మార్చొద్దు, సంచి తీసెయ్యొద్దు.

ఆగు, ఇప్పుడే పంపకు. ముందుగాల నాకు సదివి ఇనిపియ్యి, మొదటి నుంచి. యాడన్న నా మాట తీసి నీ మెత్తటి మాట పెట్టినవనుకో, నాకు తెలుస్తది, ఆడ్నే ఆపుత. సదువు శిరీషా. గొనుగుడు గాదు, గట్టిగ సదువు. తలుపు తెరిచి పెట్టు, వరుసల ఉన్నోళ్లు గూడ ఇననీ.